ఇన్నిస్‌ఫాలెన్ ద్వీపము

ఇన్నిస్‌ఫాలెన్, ఐర్లాండు దేశపు నైరుతి భాగమున కెర్రీ కౌంటీలోని లాక్ లేన్ అను మంచినీటి సరస్సులో గల చిన్న ద్వీపము. ఇది కిల్లార్నీ పట్టణమునకు సమీపమున ఉన్నది. ఇచ్చట ప్రాచీన క్రైస్తవ మఠము యొక్క శిథిలములు కలవు. ఐర్లాండు చరిత్రకు ముఖ్యాధారమైన "ఇన్నిస్‌ఫాలెన్ వార్షిక వృత్తాంతములు" అను గ్రంథము వలన ఈ ద్వీపమునకు ప్రసిద్ధి కలిగినది.

చరిత్ర

ఈ మఠమును 7వ శతాబ్దములో సెయింట్ ఫినియన్ స్థాపించెనని సంప్రదాయ కథనము. ఈయనకు కుష్ఠురోగి అను బిరుదనామము కలదు. 11వ శతాబ్దపు ఆరంభమున ఐర్లాండును ఏలిన బ్రయన్ బోరు బాల్యములో ఇచ్చటనే విద్యనభ్యసించెనని చెప్పుదురు. చుట్టును నీరున్నను మఠమునకు పూర్తి రక్షణ లభింపలేదు. 1180లో ఇది దోపిడీకి గురైనది. తరువాతి కాలమున ఇచ్చటి సన్యాసులు అగస్టీనియన్ నియమావళిని అనుసరించిరి. 16వ శతాబ్దపు చివరిభాగమున, ఇంగ్లాండు రాణి మొదటి ఎలిజబెత్ పాలనలో మఠము మూతపడి, సన్యాసులు చెదరిపోయిరి.

వార్షిక వృత్తాంతములు

రాజుల మరణములు, యుద్ధములు, మఠాధిపతుల వివరములు మున్నగునవి ఈ గ్రంథమున సంవత్సరముల వరుసలో నమోదు చేయబడినవి. 5వ శతాబ్దము నుండి 15వ శతాబ్దము వరకు గల విషయములు ఇందు కలవు. భాష ప్రధానముగా ఐరిష్. అక్కడక్కడ లాటిన్ కూడ కలదు. 1092 వరకు గల భాగమును ఒకే లేఖకుడు వ్రాసెను. ఆ తరువాతి భాగమును పలువురు తమ తమ కాలములలో చేర్చుచు వచ్చిరి. మొదటి భాగము వేరొక మఠములో వ్రాయబడి, అనంతరము ఈ ద్వీపమునకు చేరినదని పండితుల అభిప్రాయము. కావున గ్రంథమునకు ద్వీపము పేరు వచ్చినను, అది ఒక్క చోట పుట్టినది కాదు.

ఈ వ్రాతప్రతి నేడు ద్వీపములో గాని ఐర్లాండులో గాని లేదు. రిచర్డ్ రాలిన్సన్ అను ఆంగ్ల సేకర్త 1755లో మరణించగా, ఆయన సంకల్పించిన విధముగా ఇది ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డు బోడ్లియన్ గ్రంథాలయమునకు చేరినది. షాన్ మాకార్ట్ దీనిని ఆంగ్లానువాదముతో పరిష్కరించి 1951లో ప్రకటించెను.

శిథిలములు

ద్వీపములో మఠమునకు చెందిన పెద్ద చర్చి, సన్యాసుల నివాస భవనముల గోడలు, 12వ శతాబ్దపు చిన్న ప్రార్థనా మందిరము కలవు. ఈ మందిరపు పడమటి ద్వారముపై రోమనెస్క్ శైలి శిల్పపు పనితనము కానవచ్చును. కట్టడములకు పైకప్పులు లేవు.

ద్వీపము కిల్లార్నీ జాతీయ ఉద్యానవనములోని భాగము. సరస్సు ఒడ్డున గల రాస్ కోట వద్ద నుండి పడవలో ఇచ్చటికి చేరవచ్చును.