సీసాకి ముసుగేస్తే... చవక వైట్ వైన్ గురించి మీకు తెలుసా?

వైట్ వైన్ రుచి చూసి మార్కులేయడం కొందరికి ఉద్యోగం. దానికి పరీక్షలున్నాయి, బిరుదులున్నాయి, జీతాలూ ఉన్నాయి. అయినా వెల చెప్పకుండా, లేబుల్ చూపకుండా గ్లాసు చేతికిస్తే ఆ పండితుల్లోనూ చాలామంది తడబడతారు. ఖరీదైన సీసాల గొడవ డబ్బున్నవాళ్ళకి వదిలేసి, చవక సీసాల చుట్టూ అల్లుకున్న కొన్ని విశేషాలు చూద్దాం.

● అమెరికాలో ట్రేడర్ జోస్ దుకాణాల్లో 2002లో చార్లెస్ షా అనే వైన్ అమ్మకానికొచ్చింది. కాలిఫోర్నియాలో సీసా 1.99 డాలర్లే. జనం దానికి ‘టూ బక్ చక్’ అని ముద్దుపేరు పెట్టేశారు. ఆ చార్లెస్ షా కల్పిత వ్యక్తి కాదు. నాపా లోయలో వైనరీ నడిపిన మనిషి. వైనరీ చేజారాక ఆ పేరును బ్రాంకో వైన్ కంపెనీ పెద్ద ఫ్రెడ్ ఫ్రాంజియా కొనిపెట్టుకున్నారు. తర్వాత కాలిఫోర్నియాలో ద్రాక్ష విపరీతంగా పండి వైన్ నిల్వలు పేరుకుపోయిన రోజుల్లో ఆ పేరు అక్కరకొచ్చింది.

2007లో కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీకి ఈ టూ బక్ చక్ వారి 2005 నాటి షార్డనే అనే వైట్ వైన్ వెళ్ళింది. నూటికి 98 మార్కులు, ‘డబుల్ గోల్డ్’ పతకం, దానిపైన రాష్ట్రంలోకెల్లా ఉత్తమ షార్డనే అన్న కిరీటం! సీసాలు కనపడకుండా పోసిచ్చారు కాబట్టి జడ్జీలకి అది రెండు డాలర్ల సరుకని తెలిసే అవకాశం లేదు. అయితే ఇక్కడో తిరకాసుంది. లక్షల పెట్టెల్లో అమ్ముడయ్యే వైన్ అంతా ఒకే తొట్టిలోంచి రాదు. పోటీకి వెళ్ళిన సీసాలో ఉన్నదే దుకాణం అలమరలోని సీసాలోనూ ఉంటుందన్న హామీ లేదు. పతకం బొమ్మ అంటించిన చవక సీసా ఎక్కడ కనిపించినా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

● మరి ఆ జడ్జీలకి మార్కులేసేదెవరు? రాబర్ట్ హాడ్జ్‌సన్ వేశారు. సముద్రశాస్త్రం బోధించి రిటైరైన ప్రొఫెసర్ ఆయన, సొంతంగా చిన్న వైనరీ ఉంది. తన వైన్‌కి ఒక పోటీలో బంగారం రావడం, అదే వైన్ ఇంకో పోటీలో ఎవరికీ ఆనకపోవడం ఆయనకి వింతగా తోచింది. పైన చెప్పిన స్టేట్ ఫెయిర్ నిర్వాహకుల్నే ఒప్పించి 2005 నుంచి నాలుగేళ్ళు ఓ పరీక్ష నడిపారు. ముప్ఫై గ్లాసుల వరసలో మూడు గ్లాసులు ఒకే సీసాలోంచి పోసినవి. ఆ ముక్క జడ్జీలకి చెప్పలేదు.

మూడు గ్లాసులకీ ఒకే పతకం స్థాయిలో మార్కులేసినవాళ్ళు సుమారు పది శాతం. మరో పది శాతం మంది అదే వైన్‌కి ఓసారి కంచు, ఓసారి బంగారం ఇచ్చేశారు! ఆ తర్వాత ఆయన 13 పోటీల ఫలితాలు పక్కపక్కన పెట్టి చూశారు. మూడుకి మించి పోటీల్లో పాల్గొన్న వైన్లు 2,440. వాటిలో 47 శాతానికి ఎక్కడో ఒకచోట బంగారం దక్కింది. అలా దక్కినవాటిలో 84 శాతం మరో పోటీ నుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చాయి. పరువు పోతుందని తెలిసీ తమ జడ్జీల పరీక్ష లెక్కలు బయటపెట్టనిచ్చిన ఆ స్టేట్ ఫెయిర్ వారికి ఓ నమస్కారం పెట్టాలి.

ఇందులో నాకు అన్నిటికన్నా పనికొచ్చేదిగా అనిపించిన ముక్క వేరే ఉంది. బాగున్న వైన్ల దగ్గర ఎటూ తేల్చుకోలేకపోయిన జడ్జీలు, బాగాలేని వైన్ల దగ్గర మాత్రం కాస్త నిలకడగా ఉన్నారు. ఏది గొప్పదో తేల్చడం కష్టం, ఏది పాడైందో పట్టుకోవడం సులువు. చవక వైట్ వైన్‌ని పరీక్షించేటప్పుడు చేయాల్సింది ఈ రెండో పనే.

● తడిసిన అట్టపెట్టె వాసనొస్తే ఆ వైన్‌కి బెరడు బిరడా దోషం పట్టిందని అర్థం. దీనికి కారణమైన టీసీఏ అనే పదార్థం లీటరుకి కొన్ని నానోగ్రాములుంటే చాలు, ముక్కుకి దొరికిపోతుంది. ఈ విషయంలో చవక సీసాలదే పైచేయి. వాటికి చాలావరకు తిప్పి తీసే లోహపు మూతే ఉంటుంది, ఈ దోషం తెచ్చిపెట్టే బెరడు ఉండదు. ఆ మూతని చూసి నాసిరకం అని ముఖం తిప్పుకునే రోజులు పోయాయి. ఆస్ట్రేలియాలో రీస్లింగ్ అనే వైట్ వైన్ చేసే క్లేర్ లోయ తయారీదార్లు 2000లో కూడబలుక్కుని దానికి మారారు.

● చింతపండులోని పులుపూ ద్రాక్షలోని పులుపూ ప్రధానంగా ఒకే ఆమ్లం, టార్టారిక్ ఆమ్లం. పళ్ళలో ఇది ఇంత ఎక్కువగా ఉండటం అరుదు. వేడి ప్రాంతాల్లో పండిన ద్రాక్షలో పులుపు తొందరగా పడిపోతుంది కాబట్టి తయారీలో ఈ ఆమ్లాన్ని పైనుంచి కలుపుతారు. అది మోసం కాదు, చట్టం ఒప్పుకున్న పనే. రోజూ చారు తినే నాలుకకి పులుపు ఎక్కడ కుదిరిందో, ఎక్కడ విడిగా గుచ్చుతోందో ఒకరు నేర్పాలా?

ఒక్కోసారి వైట్ వైన్ సీసా అడుగున గాజుపెంకుల్లాంటి పలుకులు కనిపిస్తాయి. బెదిరిపోయి పారబోయకండి. అవి ఈ ఆమ్లం తాలూకు లవణమే. కేకుల తయారీలో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ అదే.

● ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకి ముందు ఒక వైట్, ఒక రెడ్ ఇచ్చి వాసన వర్ణించమన్నారు. కొన్నాళ్ళకి మళ్ళీ పిలిచి రెండు గ్లాసులిచ్చారు. ఈసారి రెండూ ఒకే వైట్ వైన్. ఒకదాంట్లో మాత్రం వాసనలేని ఎర్రరంగు కలిపారు. రంగేసిన గ్లాసుకి విద్యార్థులు రెడ్ వైన్ మాటలే వాడారు. 2001లో అచ్చయిన ఈ ప్రయోగాన్ని ‘నిపుణులకి తెలుపేదో ఎరుపేదో తెలీదు’ అని ఊరంతా చెప్పుకుంటారు. అంత లేదు. వాళ్ళు నిపుణులు కారు, విద్యార్థులు. పైగా అడిగింది వాసన గురించే. కళ్ళు చూసిందానికే ముక్కు వంతపాడుతుందన్నంత వరకు నిజం.

● వెల కూడా అంతే. 2008లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు స్కానర్‌లో పడుకోబెట్టిన 20 మందికి గొట్టం ద్వారా వైన్ చుక్కలు అందిస్తూ ధర చెప్పారు. అది రెడ్ వైనే, కానీ నీతి తెలుపుకీ వర్తిస్తుంది. 10 డాలర్లని చెప్పినప్పటికంటే 90 డాలర్లని చెప్పినప్పుడు అదే వైన్ ఎక్కువ నచ్చింది. నచ్చినట్టు నటించడం కాదు, మెదడులో ఆనందాన్ని లెక్కగట్టే భాగంలోనే చురుకుదనం పెరిగింది. ఇంటికొచ్చిన అతిథికి సీసా ధర చెప్పే పెద్దమనుషులు తెలివైనవాళ్ళే అన్నమాట.

● ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే చవక వైట్ వైన్ లోపాలు సగం దాగిపోతాయి. బాగా చల్లబడితే వాసన పైకి రాదు, తీపి నాలుకకి తగ్గినట్టుంటుంది. వైట్ వైన్‌కి మామూలుగా చెప్పే వేడిమి 8 నుంచి 12 డిగ్రీలు. తాగి ఆనందించడానికైతే చల్లగానే కానివ్వండి. దాని అసలు రంగు బయటపడాలంటే మాత్రం గ్లాసుని అరచేతుల్లో పట్టుకుని కాస్త వెచ్చబడనివ్వాలి.

● సోవిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌లో వచ్చే పచ్చివాసన క్యాప్సికమ్ వాసనలా ఉందని ఎవరైనా అంటే అది కవిత్వం కాదు. రెండింట్లోనూ ఉన్నది పైరజీన్ జాతికి చెందిన ఒకే పదార్థం. గెవుర్జ్‌ట్రామినర్‌లో లిచీ పండు వాసనకీ, అసలు లిచీ వాసనకీ కారణం రోజ్ ఆక్సైడ్. మస్కట్ ద్రాక్ష ఘుమఘుమల్లోని లినలూల్ మన ధనియాల నూనెలో ప్రధాన భాగం. ఎండ బాగా తగిలిన రీస్లింగ్, వయసు మళ్ళిన రీస్లింగ్ కిరోసిన్ వాసనేస్తాయి. దాన్ని కోరి కొనేవాళ్ళున్నారు, లోపమని తిట్టేవాళ్ళూ ఉన్నారు. షార్డనేలో వెన్న వాసనొస్తే అది బ్యాక్టీరియా చలవ. పుల్లటి మాలిక్ ఆమ్లాన్ని అవి మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు డయాసిటైల్ పుడుతుంది.

ఇలాంటి వాసనలన్నిటినీ ఒక చక్రంలో అమర్చి 1984లో పటం గీసింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లోని ఆన్ నోబుల్. ‘సొగసైనది’, ‘గంభీరమైనది’ లాంటి మాటలకి అందులో చోటివ్వలేదు. ముక్కుకి తగిలే వస్తువు పేరే చెప్పాలి. చవక సీసాల వెనక రాసే వర్ణనలు ఈ నియమం పాటిస్తే సగం లేబుళ్ళు ఖాళీగా మిగులుతాయి.

● కెండల్ జాక్సన్ షార్డనే అమెరికాలో ఇంటింటి పేరవడానికి ఒక పొరపాటు కారణం. 1982 పంటలో కొంత రసం పులియడం మధ్యలో ఆగిపోయి, చక్కెర మిగిలిపోయింది. ఆ లేత తీపి జనానికి తెగ నచ్చింది. చివరికి ఆ తీపి కుదిర్చే పద్ధతి వ్యాపార రహస్యమా కాదా అని కంపెనీకీ, అక్కడ వైన్ చేసి వెళ్ళిపోయిన జెడ్ స్టీల్‌కీ మధ్య కోర్టు వ్యాజ్యం నడిచింది. చవక వైట్ ‘మెత్తగా జారుతోంది’ అనిపిస్తే ముందు చక్కెరని అనుమానించండి. మామూలుగా లీటరుకి 4 గ్రాములు దాటకపోతేనే యూరప్‌లో దాన్ని డ్రై అంటారు. పులుపు బాగా ఉంటే 9 దాకా సడలింపు ఉంది.

తీపి మీద మోజు ఎంతదాకా పోయిందో 1985లో ఆస్ట్రియా చూపించింది. కొందరు వ్యాపారులు చప్పిడి వైన్‌కి చిక్కదనం, తీపి తేవడానికి డైఎథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం కలిపారు. రుచి చూసినవాళ్ళెవరూ పట్టలేదు, ప్రయోగశాలలే పట్టాయి. ఆ దేశపు వైన్ ఎగుమతులు కుప్పకూలాయి. దాంతో ఆస్ట్రియా కఠినమైన వైన్ చట్టం తెచ్చుకుంది.

● ‘వైట్ వైన్‌లో గంధకం ఉంటుంది, తలనొప్పి’ అనేవాళ్ళు కోకొల్లలు. రెడ్ కంటే వైట్‌లో ఎక్కువ వేస్తారన్నది నిజమే. యూరప్ పరిమితి డ్రై రెడ్‌కి లీటరుకి 150 మిల్లీగ్రాములు, డ్రై వైట్‌కి 200. అయితే మెరిసే నారింజరంగు ఎండు ఆప్రికాట్లకి అదే యూరప్‌లో కిలోకి 2,000 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. ఖుబానీ కా మీఠాకి ముదురు గోధుమరంగు పళ్ళు వాడే హైదరాబాదీలు కంగారు పడనక్కర్లేదు, ఆ రంగు పళ్ళు సాధారణంగా గంధకం పట్టించనివి.

● ఎరుపుల్లో రారాజు కబెర్నే సోవిన్యాన్‌కి తల్లిదండ్రుల్లో ఒకటి తెల్లద్రాక్ష సోవిన్యాన్ బ్లాంక్, రెండోది కబెర్నే ఫ్రాంక్. ఈ సంగతి 1997లో డీఎన్ఏ పరీక్ష తేల్చింది.

● వృత్తిగా రుచి చూసేవాళ్ళు మింగరు, ఉమ్మేస్తారు. అయినా పళ్ళకి ముప్పు తప్పదు. వైట్ వైన్ పీహెచ్ 3కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది, అది పంటి పింగాణీని అరగదీస్తుంది. రుచి చూసిన వెంటనే పళ్ళు తోముకోవద్దని దంతవైద్యులు చెప్పేది అందుకే.

● మన బండ్ల మీద అమ్మే గింజల్లేని తెల్లద్రాక్ష థాంప్సన్ సీడ్‌లెస్‌తోనూ వైన్ చేశారు. 1970లలో అమెరికాలో వైట్ వైన్‌కి గిరాకీ పెరిగితే పెద్ద కూజాల్లో అమ్మే చవకరకాల్లోకి ఇది చేరింది. తినడానికి బాగుండే పండు వైన్‌కి బాగుండాలని లేదు. వైన్ ద్రాక్షలు చిన్నవి, తీపీ పులుపూ రెండూ ఎక్కువ, సువాసన తోలుని పట్టుకుని ఉంటుంది. అందుకే నాసిక్ చుట్టుపక్కల వైట్ కోసం షెనిన్ బ్లాంక్, సోవిన్యాన్ బ్లాంక్ తీగలు వేశారు.

● యూరప్‌లో ద్రాక్ష కోసేది సెప్టెంబరు ప్రాంతంలో. మన దేశంలో వైన్ ద్రాక్ష జనవరి నుంచి మార్చి మధ్య కోతకొస్తుంది. ఒకే సంవత్సరం ముద్ర వేసుకున్న భారతీయ వైట్, యూరప్ వైట్ కంటే అర్ధ సంవత్సరం పైగా పెద్దదన్నమాట. చవక వైట్ వైన్లలో నూటికి తొంభై దాచుకునేవి కావు, తాజాదనమే వాటి ఆస్తి. అలమరలో రెండు సంవత్సరాల సీసాలుంటే కొత్తదే తీసుకోండి. దుకాణం కిటికీలో ఎండకి నిలబెట్టింది ఊరికే ఇచ్చినా వద్దు.

● విదేశీ వైన్ మీద మన దిగుమతి సుంకం చాలాకాలం 150 శాతం. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంలో కొంత తగ్గించారు. ఎవరికి? సీసా దిగుమతి ధర 5 డాలర్లు దాటినవాటికి వెంటనే 100 శాతానికి, 15 డాలర్లు దాటినవాటికి 75కి. ఆ 5 డాలర్లు దాటని చవక సీసాకి ఏ రాయితీ లేదు. అక్కడ చవగ్గా దొరికేది ఇక్కడికొచ్చేసరికి ఖరీదైన సరుకుగా అలమర ఎక్కడం వెనక సుంకం చేసే పని ఇది.

● మీ నాలుక సంగతి తేల్చుకోవాలనుంటే వృత్తివాళ్ళు వాడే త్రిభుజ పరీక్ష ఇంట్లోనే పెట్టుకోవచ్చు. ఒక చవక వైట్, ఒక ఖరీదైన వైట్ తెచ్చి, సమానంగా చల్లబరిచి, కాగితం చుట్టి ఇంకొకరి చేతికివ్వండి. వాళ్ళు మూడు గ్లాసుల్లో పోయాలి, రెండింట్లో ఒకటే వైన్, మూడోదాంట్లో రెండోది. వేరుగా ఉన్నదేదో మీరు చెప్పాలి. ఒక్కసారి సరిగ్గా చెప్పి మీసం మెలేయకండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి, గ్లాసుల వరస మార్చి కనీసం ఐదారుసార్లు చేయండి.