పడవ విహారమునకు తగిన లైఫ్ జాకెట్టు

వరి కోతలకు ముందు, కార్తీక మాసములో కొంత తీరిక చిక్కినపుడు మన రైతు కుటుంబములు పాపికొండలు, నాగార్జునకొండ మొదలగు చోట్లకు పడవలపై విహారమునకు పోవుట పరిపాటి. ఇది సంతోషకరమైన విషయమే. కాని 2017 నవంబరు 12వ తేదీన కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ సమీపమున పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15వ తేదీన గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగిన ప్రమాదములో 40 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. కావున పడవ ఎక్కు ప్రతివారును లైఫ్ జాకెట్టును గూర్చి కొంత తెలిసికొనుట అవసరము. చేపల చెరువులలో పడవపై మేత వేయు రైతులకు కూడ ఈ విషయములు ఉపయోగపడును.

ఈత వచ్చినవారికి ఎందుకు?

ఊరి చెరువులో ఈదుట వేరు, నదిలో హఠాత్తుగా పడుట వేరు. పంచె, చీర తడిసి కాళ్లకు చుట్టుకొనును. తలకు దెబ్బ తగిలినచో గజ ఈతగాడు కూడ చేయి కదపలేడు. ఈత నేర్చుకొను పిల్లలకు కట్టు సొరకాయ బుర్రలు, ట్యూబులు మనిషిని తేల్చునే గాని ముఖమును నీటిపై నిలుపవు. చేయి జారినచో అవియు ఉండవు.

ఎంత తేలుడు బలము కావలెను?

80 కిలోల మనిషిని తేల్చుటకు 80 కిలోల బలము కావలెనని కొందరు తలచుచుందురు. ఇది పొరపాటు. నీటిలో మన బరువును చాల వరకు నీరే మోయును. తలను పైన నిలుపుటకు పెద్దవారికి సుమారు 3 నుండి 5½ కిలోల అదనపు బలము చాలును. జాకెట్టుపై ఈ బలమును న్యూటనులలో వ్రాయుదురు. 10 న్యూటనులనగా సుమారు ఒక కిలో అని గుర్తుంచుకొనవలెను.

50 అని ఉన్నది బాగుగా ఈత వచ్చి, సాయము దగ్గరలో ఉన్నవారికి మాత్రమే. 100 అని ఉన్నది నెమ్మదైన నీటిలో, ఈత రానివారికి కూడ తగును. 150 అని ఉన్నది ఉద్ధృతమైన నీటికి, సముద్రమునకు ఉద్దేశించినది. సామాన్య కుటుంబమునకు 100కు తక్కువ కానిది, మెడ వెనుక పట్టీ దిండు గలది తీసికొనుట శ్రేయస్కరము. గాలి నింపుకొను రకములు పలుచగా, సుఖముగా ఉండును గాని, వాటి గ్యాసు గొట్టమును తరచు పరీక్షించుచుండవలెను. పిల్లలకు, ఈత రానివారికి అవి తగవు.

లోపల ఏమున్నది?

పూర్వము వీటిలో బెండును, తరువాత తెల్లబూరుగు దూదిని నింపెడివారు. ఆ దూది పోగు లోపల డొల్లగా, పైన మైనపు పూత కలిగి ఉండుటచే నీటిని పీల్చదు. అయితే అణగినను, నూనె తగిలినను ఆ గుణము తగ్గిపోవును. ఇప్పుడు నీరు చొరని నురుగు పలకలను వాడుచున్నారు. పరుపులలో వాడు స్పంజి పనికిరాదు. సందేహము కలిగినచో జాకెట్టును రాయి కట్టి ఒక రాత్రి నీటిలో ముంచి ఉంచుడు. మరునాడు బరువెక్కి, పిండిన కొలది నీరు కారుచున్నచో దానిని వదలివేయవలెను.

కొలత చూచు విధానము

1. జాకెట్టుపై వ్రాసిన శరీర బరువు, ఛాతీ కొలత మీకు సరిపోవలెను.

2. బకిల్సు, పట్టీలన్నియు బిగించి చేతులు పైకెత్తుడు. మరియొకరు భుజముల వద్ద పట్టుకొని పైకి లాగవలెను. జాకెట్టు గడ్డమును దాటి లేచినచో అది వదులైనది. నీటిలో కూడ అట్లే జారిపోవును.

3. వీలైనచో తోడు మనిషితో మెడలోతు నీటిలో దిగి కాళ్లు పైకెత్తి చూడుడు. నోరు నీటికి పైన ఉండవలెను.

4. పిల్లలకు "పెరిగి సరిపోవునులే" అని పెద్దది కొనరాదు. తల దిండు, కాళ్ల నడుమ పట్టీ, వీపున పట్టుకొను పిడి ఉన్నవి మంచివి.

5. నారింజ లేక పసుపు రంగు దూరమునకు కనబడును. ఈల కూడ ఉండుట మేలు.

పడవలో జాగ్రత్తలు

పడవ కదలక మునుపే జాకెట్టు తొడిగి, అన్ని పట్టీలు కట్టవలెను. నీటిలో పడిన తరువాత తొడుగుట అతి కష్టము. దానిని చాపగా పరచి కూర్చుండరాదు. మూసిన గదిలో నున్నపుడు పడవ బోల్తాపడినచో జాకెట్టు మనిషిని పైకప్పునకు ఒత్తివేయును. మునిగి బయటపడుట కష్టమగును. కావున బయట, తెరపిగా నున్నచోట కూర్చుండుడు. మీ కొలతకు తగిన జాకెట్టు ఇవ్వని పడవను ఎక్కకుడు.

నిల్వ చేయుట

వాడిన తరువాత మంచి నీట కడిగి నీడలో ఆరవేయవలెను. డీజిలు, పురుగుమందుల దగ్గర గాని, ఎరువు బస్తాల క్రింద గాని ఉంచరాదు. ఎలుకలు కొరకకుండ వ్రేలాడదీయుడు. ఏటేట కుట్లు, పట్టీలు లాగి చూచి, చిరిగినదానిని తీసివేసి క్రొత్తది కొనవలెను.