మూర ఎవరి చేతిది?

చేనేతకు పేరున్న అమరచింత వైపు చీరల సరుకు తీసుకునే వర్తకునికి పట్టు ధర, జరీ ధర ఎంత ముఖ్యమో పొడవు లెక్కా అంతే ముఖ్యం. నోటిమాటగా ‘పన్నెండు మూరలు’ అనుకుని వదిలేస్తే నష్టం ఎవరిదో ఒకరిది అవుతుంది.

మోచేతి నుంచి నడిమి వేలి కొన వరకు మూర. రెండు జానలు మూర, రెండు మూరలు గజం, నాలుగు మూరలు బార. గజం 36 అంగుళాలుగా స్థిరపడింది గనుక మూర 18 అంగుళాలు. ఆ లెక్కన 12 మూరల చీర 6 గజాలు, సుమారు 5.49 మీటర్లు. పెద్దవారు కట్టే 18 మూరల చీర 9 గజాలు.

చిక్కు చేతిలోనే ఉంది. కొలిచే చెయ్యి మూరకు ఒక్క అంగుళం పొట్టిదైతే 12 మూరల చీరకు 12 అంగుళాలు తరుగు. పది చీరల కట్టలో 120 అంగుళాలు, అంటే అర చీరకు పైగా! అమ్మేవాని చెయ్యి పొట్టిగా, కొనేవాని చెయ్యి పొడుగ్గా ఉండడం అంగడిలో పాత హాస్యమే.

ఈ తగవు కౌటిల్యుని నాటికే ఉంది. మధ్యరకం పురుషుని నడిమి వేలి మధ్య కణుపు అంగుళమని, 24 అంగుళాలు హస్తమని అర్థశాస్త్రం నిర్ణయించింది. కొలతలపై మానాధ్యక్షుడనే అధికారిని కూడా పెట్టింది. అయితే పచ్చిక బీళ్లకు 28 అంగుళాల హస్తం, అడవి కలపకు 54 అంగుళాల హస్తం! సరుకును బట్టి మూర మారిందన్నమాట. పాత లెక్కలో మూరకు 24 అంగుళాలు, నేటి టేపు మీద 18. అంగుళం మాట ఒకటే, విలువ వేరు.

1956 చట్టంతో మీటరు ప్రమాణమైంది. 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న 2009 నాటి తూనికలు, కొలతల చట్టం ప్రకారం ప్రామాణికం కాని కొలతలో ధర చెప్పడం, బిల్లు రాయడం నిషిద్ధం. పూల అంగడిలో మల్లెలు మూర లెక్కన నేటికీ అమ్ముడవుతున్నాయి. అక్కడ పోయేది నాలుగు పూలే. పట్టుచీరలో పోయేది జరీ.

ఆర్డరులో మీటర్లు రాసుకోవడంతో పని పూర్తి కాదు. రవిక గుడ్డ కలిపా, విడిగానా అన్నది తేల్చుకోవాలి. మగ్గం మీద బిగువుగా ఉన్న గుడ్డ దించాక కొంత కుదించుకుపోతుంది గనుక, దించిన తర్వాతి కొలతనే బిల్లులో రాయించుకోవాలి.