వార్తల్లో పదం: డిసవావల్

అబద్ధం కాదు, అజ్ఞానమూ కాదు. నిజం తెలిసి కూడా తెలియనట్టే బతకడం. 1927లో ఫ్రాయిడ్ వ్యక్తి మనసు గురించి చెప్పిన ఈ సంగతిని, ఫ్రెంచి మనోవిశ్లేషకుడు ఆక్టేవ్ మానోనీ సమాజపు నమ్మకాలకూ అన్వయించాడు. మన భాషలో ‘తెలుసు గానీ’ జబ్బు అనొచ్చు.

హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీలున్న పటాన్‌చెరునే చూడండి. మంజీరలో కలిసే నక్కవాగు కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఇక్కడి ఫ్యాక్టరీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. శుద్ధి చేశాక ఉన్న లెక్క అది! అందరికీ తెలుసు. గానీ ఉద్యోగాలు, ఎగుమతులు, చవక మందులు...

చివరికి 18 కిలోమీటర్ల పైపు వేసి ఆ నీటిని హైదరాబాద్ మురుగు లైనులో కలిపారు. అది అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రం మీదుగా మూసీకి చేరుతుంది.