పోగును పట్టే చూపు: ఆటిజం పిల్లల్లోని బలాలు

ఆటిజం అంటే మాటలు కలపడంలో, కలిసిమెలిసి మెలగడంలో, ఇంద్రియాలతో లోకాన్ని గ్రహించడంలో భిన్నంగా కనిపించే మెదడు ఎదుగుదల తీరు. దాని లక్షణాలు ఒక్కో బిడ్డలో ఒక్కో రీతిలో ఉంటాయి కనుక దానిని ‘స్పెక్ట్రమ్’, అంటే వర్ణపటం, అని వ్యవహరిస్తారు. 1943లో మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లలను వర్ణించినప్పుడే వారిలో పలువురి అసాధారణ జ్ఞాపకశక్తిని నమోదు చేశాడు. 1983లో పరిశోధకులు అమితా షా, ఉటా ఫ్రిత్ ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద బొమ్మలో దాగిన చిన్న ఆకారాన్ని వెతికి పట్టడంలో ఆటిజం ఉన్న పిల్లలు తమతో సమానమైన మానసిక వయసున్న ఇతర పిల్లలకంటే మెరుగ్గా రాణించారు.

ఆంధ్రప్రదేశ్‌లోని మరమగ్గాల పట్టణమైన నగరిలో ఈ చూపులోని తేడా సులువుగానే బోధపడుతుంది: నేసిన గుడ్డలో ఒకరికి ముందుగా మొత్తం అంచు కనిపిస్తే, మరొకరికి తెగిన పోగు కనిపిస్తుంది. అయితే ఆటిజం ఉన్న ప్రతి బిడ్డా మేధావే అనుకోవడం పొరపాటు; అపురూపమైన ప్రతిభ కొందరిలోనే ఉంటుంది, చాలామందికి నిత్య సహాయం అవసరమవుతుంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తాను గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజాన్ని చేర్చింది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం రాష్ట్రంలో నడిచే భవిత కేంద్రాలలోనైనా, ఇంట్లోనైనా, బస్సు నంబర్లపై మక్కువున్న బిడ్డకు వాటితోనే అంకెలు, ఊళ్ల పేర్లు నేర్పినప్పుడు ఆ ఆసక్తే చదువుకు వాకిలి అవుతుంది.