స్పానిషు భాషయందలి సహభూతరూపము

స్పానిషు భాషయందు గడచిన క్రియను దెలుపు ఏకపదరూపములలో రెండు ముఖ్యములు. 'పాడుట' అను నర్థముగల 'కంతార్' క్రియకు ప్రథమపురుషైకవచనమున 'కంతో' అనునది యొకటి, 'కంతాబా' అనునది మఱియొకటి. ఇవి క్రమముగా లాటిను 'కంతావిత్', 'కంతాబత్' రూపములనుండి వచ్చినవి. మొదటిదానికి 'పాడెను' అనియు, రెండవదానికి 'పాడుచుండెను' అనియు నర్థము చెప్పిన చాలునని తెలుగువారికి తొలుత తోచును. ఈ సమీకరణము కొన్నియెడల మాత్రమే చెల్లును.

'యోబీఆ క్వాందో యెగో' అను వాక్యమునకు 'అతడు వచ్చునప్పటికి వాన కురియుచుండెను' అని యర్థము. ఇచట చిక్కు లేదు. కాని 'చిన్ననాడు ఆమె ప్రతిదినమును పాడెడిది' అనుచోటను స్పానిషున 'కంతాబా' రూపమే వచ్చును. ఇక 'సబీఆ' అనగా 'ఆమెకు అప్పటికే తెలిసియుండెను'. 'సూపో' అనగా 'ఆమెకు అప్పుడు తెలియవచ్చెను'. 'సబీఆ'కు 'తెలియుచుండెను' అనుట తెలుగు నుడికారము కాదు. ఇట్లు ఒక్క స్పానిషు రూపమునకు మన భాషలో మూడు తీరులు కావలసివచ్చినవి.

ఈ మూటిని కూర్చు సూత్ర మేది? లాటిను సంప్రదాయము ననుసరించి ఈ రూపమునకు 'అసంపూర్ణభూతము' అని పేరు. ఆ పేరు విని విద్యార్థి, క్రియ ముగియలేదనియో, చిరకాలము సాగినదనియో భ్రమించును. రెండును సరికావు. 'ముప్పది యేండ్లు రాజ్యమేలెను' అనుచోట కాల మెంత దీర్ఘమైనను 'రెయినో' అను మొదటి తీరు రూపమే తగును. ఏలనన ఆ యేలుబడి ఆద్యంతములతో నొక మొత్తముగా చెప్పబడినది.

వెనెజువెలాలో జన్మించిన ఆంద్రేస్ బెల్యో 1847లో చిలీ దేశమున ప్రకటించిన వ్యాకరణములో 'కంతో' రూపమును 'ప్రెతేరితో' అనియు, 'కంతాబా' రూపమును 'కోప్రెతేరితో' అనియు వ్యవహరించెను. 'కో' అనునది మన 'సహ' శబ్దము వంటిది. కావున రెండవదానిని 'సహభూతము' అనవచ్చును. గతమందలి వేఱొక విషయముతో కూడియున్న క్రియ యని భావము. వాన అతని రాకతోను, పాట బాల్యముతోను, ఎఱుక ఆ సమయముతోను సహవర్తించినవి. ఆ పిమ్మట వాన వెలిసెనో లేదో ఆ రూపము చెప్పదు.

కావున విద్యార్థి 'ఎంతకాలము?' అని గాక, 'దేనితో కూడ?' అని ప్రశ్నించుకొనవలెను. తెలుగు రూపము నెన్నుకొనుట ఆ తరువాతి పని. అన్యభాషారూపమును మన రూపమొకదానితో ముడివేసి బోధించుటకన్న, ఆ రూపము చేయు పనిని బోధించుట మేలు.