సాగదీసిన పొర

1852. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం బర్డ్ హెరపాత్ అనే వైద్యుడి శిష్యుడు, క్వినైన్ తిన్న కుక్క మూత్రంలో అయోడిన్ వేశాడు. మెరిసే ఆకుపచ్చ పలుకులు ఏర్పడ్డాయి. హెరపాత్ వాటిని సూక్ష్మదర్శిని కింద చూశాడు. విడిగా ఉన్న పలుకుల్లోంచి వెలుగు వస్తోంది. ఒకదానిమీద ఒకటి అడ్డంగా పడ్డచోట మాత్రం చీకటి.

మామూలు వెలుగు అల, తాను సాగే దారికి అడ్డంగా అన్ని దిశల్లోనూ ఊగుతుంది. ఒక్కో పలుకు ఒక్క దిశ ఊపునే దాటనిస్తోంది. దీన్నే ధ్రువణం అంటాం. కానీ ఆ పలుకులు మరీ పెళుసు, పెద్దవిగా పెరగవు.

డెబ్బయి ఏళ్లు దాటాక అమెరికాలో ఎడ్విన్ లాండ్ అనే కుర్రవాడు ఈ కథ చదివాడు. 1926లో హార్వర్డ్‌లో చేరి, కొన్ని నెలలకే వదిలేసి న్యూయార్క్ వెళ్లాడు. ఎదురొచ్చే కార్ల లైట్లు కళ్లు చెదరగొట్టకుండా చేయాలన్నది అతని పట్టుదల. ఒక పెద్ద పలుకు కోసం పాకులాడకుండా, లెక్కలేనన్ని సూక్ష్మమైన పలుకులను ప్లాస్టిక్‌లో ఒకే దిశకు తిప్పి పొరగా మార్చాడు. 1929లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1938 నాటికి పలుకులతో పని లేకుండానే పొర చేయగలిగాడు. నాకు అతని పనుల్లోకెల్లా అందమైనది ఇదే.

పాలీవినైల్ ఆల్కహాల్ అణువులు పొడవాటి గొలుసులు. మామూలుగా దువ్వని జుట్టులా చిక్కుపడి ఉంటాయి. పొరను కొన్ని రెట్లు సాగదీస్తే, మగ్గం మీది పడుగు పోగుల్లా ఒకేవైపు సర్దుకుంటాయి. దానికి అయోడిన్ పట్టిస్తే, అయోడిన్ అణువులు ఆ గొలుసుల వెంబడే బారులు తీరతాయి. గంజిలో అయోడిన్ చుక్క పడితే వచ్చే ముదురు నీలం కూడా ఇలాంటి బారులదే.

వెలుగంటే ఊగే విద్యుత్ క్షేత్రమే కదా! ఆ ఊపు బారు వెంట సాగితే, అందులోని ఎలక్ట్రాన్లు పొడవునా కదిలి వెలుగును మింగేస్తాయి. బారుకు అడ్డంగా ఊగితే వాటికి కదిలే చోటు లేదు, వెలుగు దాటిపోతుంది. కిటికీ ఊచల మధ్య నిలువుగా ఊపిన తాడు దూరిపోతుందని బడిలో చెప్పిన పోలిక ఇక్కడ తిరగబడుతుంది: పోగుల వెంట ఊగేదే ఆగిపోతుంది.

తర్వాత ఈ పొర ఎండ కళ్లద్దాలకు, త్రీడీ సినిమా అద్దాలకు ఎక్కింది. 1970లో స్విట్జర్లాండులో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిచ్ రెండు పొరలను అడ్డంగా పెట్టి, మధ్యలో మెలితిరిగిన ద్రవస్ఫటికాన్ని నింపారు. అది వెలుగు దిశను తిప్పి రెండో పొర దాటిస్తుంది. వోల్టేజి ఇస్తే మెలిక విప్పుకుంటుంది, అక్కడ నల్లబడుతుంది. క్యాలిక్యులేటర్ అంకెలు ఈ ఏర్పాటే. ఎల్సీడీ టీవీ బొమ్మ కూడా రెండు పొరల మధ్య ద్రవస్ఫటికంతోనే.

కార్ల లైట్ల కల మాత్రం తీరలేదు. దారిలో వెళ్లే బండ్లన్నిటికీ పొర ఉంటేనే పని జరుగుతుంది. పైగా అది సగానికి పైగా వెలుగును తినేస్తుంది. చివరికి పొర కారులోకి డాష్‌బోర్డు తెర రూపంలో వచ్చింది. అక్కడి ఎండ వేడికి అయోడిన్ చెదిరిపోతుంది కనుక, వేడికి ఓర్చుకునే రంగులు అద్దిన పొరలూ వాడుతున్నారు.